జాకీ పెట్టకూడని ఎర్రకారు

“ఒరే ధనరాజూ, ఈ భూమ్మీద నేరం సేసి తప్పించుకున్నోడు ఉండొచ్చు. మన జిల్లాలో కూడా ఉండొచ్చు. కానీ ఈ ఎలీషా కంట్లో పడి తప్పించుకున్నోడు ఇంకా పుట్టలేదు. పుట్టబోడు. పుట్టినా ఎక్కువకాలం బతకడు!”

“ముందు నా ఆధార్ కార్డు జిరాక్సు సరిగ్గా ఇయ్యరా. రెండు పక్కలా తియ్యమంటే ఒకే పక్క రెండుసార్లు తీసినావు,” అన్నాడు ధనరాజు.

ఈ ప్రకటన వెలువడే సమయానికి, నరసన్నపేట బజార్లో ఎలీషా జిరాక్సు కొట్టు ముందు నిలబడి ఉన్న ధనరాజు చేతిలో ఉన్న ఆస్తి ఇదీ: సొంత సప్లై కంపెనీ ఒకటి, అందులో షామియానాలూ, కుర్చీలూ, వంట గుండిగలూ, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే సింహాసనాల జత, భార్య కాంతం చీటీ పాడగా వచ్చిన డబ్బు, సాలూరు నుంచి ఫోనులోకి వచ్చిన ఒక ఎర్రకారు ఫోటో, చిన్నప్పట్నించి వదలని స్నేహితుడు ఎలీషా. ఈ నాలుగింటిలో మొదటి మూడూ లెక్కకి అందేవి.

ధనరాజుకి ఏ వస్తువు వెలా రూపాయల్లో కనిపించదు, పెళ్ళిళ్ళలో కనిపిస్తుంది. స్టీలు గుండిగ మూడు పెళ్ళిళ్ళు. అంటే మూడు పెళ్ళిళ్ళకి అద్దెకి తిరిగితే అసలు వచ్చేస్తుంది, నాలుగో పెళ్ళినుంచి లాభం. సింహాసనాల జత పదకొండు పెళ్ళిళ్ళు. కాంతం తమ్ముడు వచ్చి వారం ఉండి వెళ్తే రెండు పెళ్ళిళ్ళు ఖర్చు, రాబడి శూన్యం.

ఆ లెక్కన ఎర్రకారు నలభై పెళ్ళిళ్ళు. అది స్పోర్ట్సు కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, మీట నొక్కితే పైకప్పు వెనక్కి మడుచుకుపోతుంది. ఈ రోజుల్లో పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకోని జంట లేదు. వంశధార వంతెన మీద ఆ కారులో జంటని కూర్చోబెట్టి, పైట గాల్లోకి ఎగరేసి ఫోటో తీస్తే అద్దె ఎంతన్నా ఇస్తారు. అలాంటి బండి మామూలుగా వంద పెళ్ళిళ్ళకి తక్కువ దొరకదు. సాలూరులో లారీల యజమాని థామస్ నలభైకే ఇస్తానంటున్నాడు.

కాకపోతే ఫోనులో ఒక షరతు పెట్టాడు.

“బండి సూసుకోండి సావుకారు గారూ, తోలుకోండి. కానీ జాకీ పెట్టకూడదు, కిందికి దూరకూడదు, మెకానిక్‌ని తేకూడదు. ఇష్టమైతే కొనండి, లేకపోతే లేదు.”

సరుకు చవగ్గా ఉండి అమ్మేవాడు అడుగున చూడొద్దంటే, ఆ అడుగున ఏదో ఉందని చింతపండు బుట్ట కొన్నవాడిక్కూడా తెలుసు. ఆ సంగతే మధ్యాహ్నం కాంతం అన్నం వడ్డిస్తూ చెప్పింది.

“రెండే సీట్లంతావు. పెళ్ళికొడుకు ఒకటి, పెళ్ళికూతురు ఒకటి. డ్రైవరు ఏడ కూసుంతాడు, పెళ్ళికూతురి ఒళ్ళోనా?”

“ఫోటోకి డ్రైవరెందుకే? బండి ఆపే తీస్తారు.”

“ఆపి ఫోటో తియ్యడానికైతే ఇంజనెందుకు? అట్టముక్కతో సెయ్యించు.”

కాంతానికి ఆ చీటీ డబ్బుతో సప్లై కంపెనీ పక్కగది కొనాలని ఉంది. అందులో పెళ్ళికూతురికి గిల్టు నగలు అద్దెకిచ్చే కొట్టు పెట్టాలని ఆమె ఆలోచన. డబ్బు ఒక్కటే, ఆలోచనలు రెండు. చివరికి ఆమే తెగ్గొట్టింది.

“సరే, ఎల్లు. కొను. కానీ ఒక మాట. ఆ బండికి ఒక్క లోపం ఉన్నా, చిన్నదైనా సరే, రేపట్నుంచి గల్లా తాళం నా బొడ్డులో ఉంతాది. గల్లా ముందు కుర్చీలో నాను కూసుంతాను. నువ్వు గుండిగలు లెక్కెట్టుకో.”

ఆ కుర్చీ వాళ్ళ నాన్నది. పద్దెనిమిదేళ్ళుగా దాని మీద ఇంకో మనిషి కూర్చోలేదు. కుర్చీ పోతే బజార్లో తనని ‘సావుకారు’ అని పిలిచే నోళ్ళు రేపట్నుంచి ఏమని పిలుస్తాయి?

మెకానిక్‌ని తీసుకెళ్ళడానికి వీల్లేదు. ఒంటరిగా వెళ్ళడానికి ధైర్యం లేదు. అందుకే జిరాక్సు కొట్టు మెట్లెక్కాడు. ఎలీషా విషయం విని ప్రపంచానికి పై ప్రకటన చేశాడు, చేసి ఒక కార్డు అందించాడు. దాని మీద సొంత యంత్రంతో అచ్చువేసుకున్న అక్షరాలు: ‘ఎలీషా, ప్రైవేటు పరిశోధకుడు. ఎంతటి చిక్కుముడి కేసులైనా విప్పబడును. లామినేషన్ కూడా చేయబడును.’

ఎలీషాకి అంతకుముందు ఒక కేసు గెలిచిన కీర్తి ఉంది. వాళ్ళ బాప్టిస్టు చర్చిలో హార్మోనియం మాయమైతే పదిహేను రోజులు అనుమానితుల వెంట తిరిగి, దాన్ని రిపేరుకి ఇచ్చింది పాస్టరుగారేనని పాస్టరుగారి నోటివెంటే కనిపెట్టాడు.

కాంతాన్ని అడిగితే, “మెకానిక్‌ని తేవద్దన్నారు గానీ పిచ్చోణ్ణి తేవద్దన్లేదు గదా. తీసుకెల్లు,” అంది.

మర్నాడు ఇద్దరూ బస్సులు మారుతూ బొబ్బిలి మీదుగా సాలూరు చేరారు. ఎలీషా మండుటెండలో క్రిస్మస్ కోటు వేసుకున్నాడు. నల్లకళ్ళద్దాలు, ఆధార్ నంబర్లు చదివే భూతద్దం, ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా, ఒక టార్చిలైటు సంచిలో సర్దాడు.

“పౌడరెందుకురా?”

“వేలిముద్రలు, మిత్రమా! నేరస్థుడు పారిపోవచ్చును. వాడి వేలు పారిపోదు.” కేసు మీద ఉన్నప్పుడు ఎలీషా గ్రంథాల భాషే మాట్లాడతాడు. చెమట పట్టినప్పుడు మాత్రం సొంత భాష బయటకి వస్తుంది. “ఓర్నాయనో, ఈ కోటేటిరా ఇలగ ఉడికిస్తన్నాది!”

సాలూరులో మనుషులు లారీలకి దారిచ్చి, మిగిలిన దారిలో నడుస్తారు. ప్రతి లారీ ముందూ నిమ్మకాయలూ మిరపకాయలూ, వెనక నల్లతాడుకి పాతచెప్పో, గుర్రపునాడానో వేలాడుతున్నాయి. థామస్ ఆవరణలో నిలిపిన మూడు లారీలకి మాత్రం ఏమీ లేవు. నున్నగా గుండుకొట్టించుకున్నట్టు ఉన్నాయి.

ధనరాజు అటు చూడడం గమనించి థామస్ పొట్ట నిమురుకున్నాడు. ఆ పొట్ట ముందు వస్తుంది, వెనకాల థామస్ వస్తాడు. “మా ఇంట్లో దిష్టి గిష్టీ సాగవు సావుకారు గారూ. నాను సంఘపెద్దని. మా ప్రిస్కిల్లా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు.”

“అవునన్నయ్య గారూ,” అంది పక్కనే నిలబడ్డ ప్రిస్కిల్లా. “నిమ్మకాయ మా ఇంట్లో పులిహోరకి తప్ప వాడం.”

పెద్దలారీ డ్రైవరు రాముడు మడ్‌గార్డుకి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. వాడికి ఎందుకో పొలమారింది.

ఎలీషా చేతులు జోడించాడు. “వందనాలు బ్రదర్. వందనాలు సిస్టర్. నాను... నేను సావుకారు గారి బంధువుని. కార్ల గురించి ఏమీ ఎరగని అమాయకుణ్ణి.” అని ధనరాజు చెవిలో, “మారువేషం,” అన్నాడు.

“ఇందులో వేషమేటుందిరా? ఉన్నమాటే సెప్పినావు.”

ఎర్రకారు వేపచెట్టు నీడలో ఉంది. ఎండపడ్డ చోట కళ్ళు జిగేల్మంటున్నాయి. ధనరాజు మనసులో అప్పుడే ఒక జంట అందులో కూర్చుని ఫోటో దిగింది. ఆ ముచ్చట ముఖం మీదకి రానివ్వలేదు. బేరంలో ముచ్చట కనిపిస్తే రేటు పెరుగుతుంది. టైరుని కాలితో ఒకసారి తన్ని, పెదవి విరిచి, “ఒకసారి తోలి సూద్దాం,” అన్నాడు.

థామస్ తన పొట్టని కష్టపడి పక్కసీట్లోకి దించాడు. బండి బాగా కదిలింది. ఇంజను పిల్లి గురకలా మెత్తగా ఉంది. మొదటి మలుపు తిరగ్గానే వెనక ఎడమవైపు నుంచి ‘టంగ్’ మంది.

“అదేటి?” అన్నాడు ధనరాజు.

“అదా? అదేటీ కాదు,” అన్నాడు థామస్ నిశ్చింతగా.

రెండో మలుపులో వెనక కుడివైపు నుంచి ‘గలగల’ వినిపించింది. థామస్ జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. “అది... పాత బండి గదేటి, ఏదో ఒకటి ఉంతాది,” అన్నాడు. గొంతు తడబడింది.

తిరిగి వచ్చేసరికి ప్రిస్కిల్లా తయారుగా నిలబడి ఉంది. “ఈయనకి బండి సంగతులు సెప్పడం రాదన్నయ్యా. నాను వస్తాను,” అని ఎక్కింది. అదే దారి, అవే మలుపులు. ‘గలగల’మన్నప్పుడు ఆమె చీరకొంగు సర్దుకుంటూ హాయిగా కూర్చుంది. ‘టంగ్’ మన్నప్పుడు తలుపు పట్టుకుని, “ప్రభువా!” అంది.

బేరంలో నోరు చూడకూడదు, ముఖం చూడాలి. ఇది ధనరాజు నాన్న నేర్పిన మొదటి పాఠం. ఆ లెక్కన మొగుడికి టంగు భయం లేదు, గలగల భయం ఉంది. పెళ్ళానికి గలగల భయం లేదు, టంగు భయం ఉంది. ఒకే బండి, ఒకే ఇల్లు, భయాలు వేరువేరు. ధనరాజుకి ఎన్నిసార్లు కూడినా ఈ లెక్క తేలలేదు. వేపచెట్టు చాటుకి పిలిచి ఎలీషాకి చెప్పాడు.

ఎలీషా నల్లకళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. “అంతా అర్థమైపోయింది మిత్రమా. ఇది సామాన్యమైన కారు కాదు. చీకటి సామ్రాజ్యపు రథం! టంగ్ అంటే పోలీసులు వస్తున్నారని సంకేతం. గలగల అంటే సరుకు వచ్చిందని సంకేతం.”

“సంకేతం ఎవరికిరా? బండి ఎనకాల ఎవరున్నారు?”

“అదే ఇంకా తెలియాల్సి ఉంది. ఇక్కడ్నించి ఘాట్‌రోడ్డు ఎక్కితే ఒడిశా. మెకానిక్ కిందికి దూరకూడదన్నారంటే కింద రహస్యపు అర ఉంది. అందులో గంజాయి ఉండవచ్చును. లేదా...” ఎలీషా గొంతు తగ్గించాడు. “అంతకంటే ఘోరమైనది.”

తర్వాత అరగంటసేపు పరిశోధన జరిగింది. ఎలీషా కారంతా పౌడరు జల్లాడు. మల్లెపూల వాసన ఆవరణంతా వ్యాపించింది. తలుపు మీదా, అద్దం మీదా, బానెట్ మీదా భూతద్దం పెట్టి చూసి, చెయ్యూపి పిలిచాడు.

“ధనరాజూ! ఒకే మనిషి ఈ బండి అంతటా తడిమాడు. ఎక్కడ చూసినా అదే బొటనవేలు. దాని మీద అడ్డంగా ఒక గాటు ఉన్నాది! వీడే మన మనిషి!”

ధనరాజు ఎలీషా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూపించాడు. పోయినేడు కాగితాలు కోసే కత్తి తగిలి పడిన గాటు బొటనవేలి మీద అడ్డంగా ఉంది.

“నేరస్థుడు బహు తెలివైనవాడు,” అన్నాడు ఎలీషా చెయ్యి వెనక్కి లాక్కుని. “నా వేలిముద్రల్నే వాడుకున్నాడు.”

డిక్కీ తెరిచినప్పుడు మాత్రం ధనరాజు కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు. లోపల పరిచిన గుడ్డ మీద చేటంత ముదురు ఎర్రమరక ఉంది. ఎలీషా వంగి, వేలితో గీకి, నాలిక మీద పెట్టుకున్నాడు.

“ఛీ! ఏటా పని?”

“రక్తం!” ఎలీషా కళ్ళు మూసుకుని చప్పరించాడు. “మానవ రక్తం. సందేహం లేదు. కొంచెం తియ్యగా ఉన్నాది. చచ్చిపోయినవాడికి షుగరు వ్యాధి!”

అక్కడితో ఆగితే ఎలీషా కాదు. రాముణ్ణి పట్టుకుని ప్రశ్నించడానికి పోయాడు. “రాముడూ, నువ్వు ఈ ఇంట్లో ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నావు?”

“శానాళ్ళయింది బాబూ.”

“ఈ కారు కింద ఏమున్నదో నీకు తెలుసునా?”

“రోడ్డుంతాది బాబూ.”

“రోడ్డుకీ కారుకీ మధ్య?”

“గాలుంతాది.”

ఎలీషా తిరిగొచ్చి, “గట్టి పిండం. పెద్ద ముఠా శిక్షణ,” అన్నాడు.

ధనరాజు మాత్రం లోపల వేరే లెక్క వేసుకుంటున్నాడు. రక్తమూ గంజాయీ అబద్ధమైనా చప్పుళ్ళు నిజం. వెనకచక్రాల దగ్గర రెండుపక్కలా చప్పుడంటే కింద ఇరుసు సామాను పోయినట్టే. విదేశీ బండి. సామాను ఓడెక్కి రావాలి. అది ఇంకో ముప్పై పెళ్ళిళ్ళు. కొన్న ఏడాదీ బండి షెడ్డులో, కాంతం గల్లా ముందు, తను గుండిగల మధ్య. నాన్న కుర్చీ కళ్ళముందు కదిలింది. ఎర్రకారు వైపు ఒకసారి ఆశగా చూసి, పోదాం అనుకుంటూ చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

సరిగ్గా అప్పుడే ఎలీషా చప్పట్లు కొట్టాడు.

“అందరూ ఇక్కడికి రావాలి! ఇక్కడ ఉన్న అయిదుగురిలో ఒకరు నేరస్థులు!”

థామస్, ప్రిస్కిల్లా, రాముడు దగ్గరికి వచ్చారు. ధనరాజు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. “నిన్ను కూడా కలిపినావేటిరా?”

“పరిశోధకుడు ఎవరినీ వదలడు. తనని కూడా!” ఎలీషా కోటు జేబులో చెయ్యి పెట్టి ఠీవిగా అటూ ఇటూ తిరిగాడు. “థామస్ గారూ, మీ కారు డిక్కీలో రక్తం ఉన్నది. ఎవరిది?”

థామస్ నోరు తెరిచాడు. ప్రిస్కిల్లా ముందుకొచ్చింది.

“రక్తమేటి తమ్ముడూ? పోయిన నెల చర్చిలో ప్రభువు బల్లకి ద్రాక్షరసం సీసాలు విజయనగరం నుంచి తెస్తంటే ఒకటి పగిలింది. నువ్వూ మన సంఘపోడిలాగే వందనాలన్నావు, నెలనెలా తాగుతావు గదా, రుచి తెలీలేదా?”

ఎలీషా ముఖం పౌడరు లేకుండానే తెల్లబడింది. నలభై ఏళ్ళుగా ప్రతినెలా మొదటి ఆదివారం తాగుతున్న ద్రాక్షరసం! కానీ పడిపోయినా మీసానికి మట్టి అంటనివ్వడు. “నేను తప్పేం చెప్పలేదు సిస్టర్. పాస్టరుగారు కూడా అది ఇచ్చేటప్పుడు ‘ఇది ప్రభువు రక్తం’ అనే అంటారు.”

ప్రిస్కిల్లాకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ఆ సందులో ఎలీషా తన రెండో అస్త్రం తీశాడు.

“సరే. రక్తం పక్కన పెడదాం. ఈ చప్పుళ్ళు ఎలా పుట్టాయో, నేరస్థుడు ఏ విధంగా కూర్చుని ఏ రహస్యపు మీట లాగాడో మీ కళ్ళముందే చేసి చూపిస్తాను!”

“ఒరే, నీకు కారు తోలడం రాదు!” అన్నాడు ధనరాజు.

“తోలను. నటిస్తాను.”

ఎలీషా స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి గేరులో లేదు. ఆవరణ గేటు దగ్గర ఎత్తు, వెనక షెడ్డు దగ్గర పల్లం. కారు మధ్యలో ముక్కు గేటుకేసి ఉంది. “అప్పుడు హంతకుడు చీకట్లో చెయ్యి చాచాడు. రహస్యపు అర తలుపు తీసే ఈ మీటని ఇలా పట్టుకుని...”

“బాబూ అది హేండ్‌బ్రేకు!” అని రాముడు కేక పెట్టేలోపు ఎలీషా దాన్ని దించేశాడు.

కారు ముందు ఆలోచించినట్టు కాస్త కదిలింది. తర్వాత నిర్ణయం తీసుకున్నట్టు వెనక్కి నడిచింది. తర్వాత పరుగెత్తింది. ఎలీషా స్టీరింగు వదిలేసి రెండు చేతులూ ఆకాశానికెత్తాడు. అంతకుముందే అన్ని మీటలూ నొక్కేసినట్టున్నాడు, పైకప్పు లేచి వెనక్కి మడుచుకుపోయింది, పాట మోగింది, అద్దం మీదకి నీళ్ళు చిమ్మాయి. “ధనరాజూ! రక్షించరా! ప్రభువా! ఆపండి! ఎవుడైనా ఆపండ్రా!”

షెడ్డు పక్కన పాత లారీ టైర్ల గుట్ట ఉంది. కారు వెళ్ళి దాన్ని వెనకతో గుద్దింది. రబ్బరు గుట్ట ఊగి, కారుని తిరిగి ఒక బారెడు ముందుకి తోసి, ఆగింది. ఎక్కడో గాజు పగిలింది. పాట ఆగలేదు.

ఆ వెంటనే కారు వెనక ఎడమవైపు నుంచి ‘టంగ్’మని ఒక వస్తువు నేలమీద పడింది. కుడివైపు నుంచి ‘గలగల’మని ఇంకో వస్తువు పడింది.

మొదటిది నల్లతాడు కట్టిన గుర్రపునాడా. రెండోది నల్లతాడుకి గుచ్చిన గవ్వల దండ.

రాముడు పాట ఆపి, హేండ్‌బ్రేకు పైకి లాగి, ఎలీషాని బయటికి దించాడు.

థామస్ చూపు నాడా మీద పడి, వెంటనే దాన్ని దాటి గవ్వల మీదకి పోయింది. “ఈ గవ్వలేటి!” అన్నాడు.

ప్రిస్కిల్లా చూపు గవ్వలమీద పడి, వెంటనే దాటిపోయింది. “ఈ నాడా ఏటి!” అంది.

ధనరాజు మనసులో లెక్క ఒక్కసారి టకటకా కూడుకుంది. నాడా కట్టించినవాడికి టంగు తెలుసు, గలగల తెలీదు. గవ్వలు కట్టించినావిడకి గలగల తెలుసు, టంగు తెలీదు. ఒకరికి తెలియకుండా ఒకరు దిష్టి కట్టించారు. తను కట్టించింది బయటపడుతుందని ఇద్దరూ మెకానిక్‌ని కిందికి పోనివ్వలేదు. రెండో చప్పుడు మాత్రం నిజంగా బండి రోగమేనని ఇద్దరూ భయపడి, ఎంతకో అంతకి వదిలించుకుందామనుకున్నారు. బండికి ఏ రోగమూ లేదు!

“రాముడూ!” అన్నారు మొగుడూ పెళ్ళాలు ఒకేసారి.

రెండు పక్కలా కట్టిన చెయ్యి ఒకటే. ఒకరి రహస్యం ఇంకొకరికి చెప్పకుండా దాచి, ఇద్దరి దగ్గరా టీ డబ్బులు తీసుకున్న చెయ్యి. రాముడు బీడీ పడేసి చాలా వినయంగా అన్నాడు.

“కంపెనీ నుంచే అలగ వచ్చాయి బాబూ.”

“కంపెనీ నుంచా?” అన్నాడు థామస్ ఆశగా.

“పారిన్ బండి గదా బాబూ. అక్కడ కూడా దిష్టుంతాది.”

“ఉంతాది, ఉంతాది,” అంది ప్రిస్కిల్లా తొందరగా. ఆ ఇంట్లో ఆ మాట మీద ఇంకెవరూ ప్రశ్న వెయ్యలేదు.

ఎలీషా ఒక్కడే వేశాడు. “ఆగండి! విదేశీ కంపెనీలో గవ్వలెందుకు...”

ధనరాజు వాడి కాలు తొక్కాడు.

థామస్ మెల్లగా కారు చుట్టూ తిరిగాడు. తనకీ లెక్క అర్థమవుతున్నట్టుంది. ముఖం విప్పారుతోంది. “అయితే సావుకారు గారూ, బండికి ఏ లోపమూ లేదన్నమాట. మరి ఆ రేటుకి...”

ఇది ఆలస్యం చెయ్యకూడని ఘడియ. ధనరాజు వంగి నాడానీ గవ్వలనీ ఏరి తువ్వాల్లో వేసుకున్నాడు. “కంపెనీ సామానంటే బండితోపాటు కొన్నవాడికే సెందుతాది గదండీ. నాను పట్టుకెల్లి మన నరసన్నపేట చర్చి పాస్టరుగారికి కూడా సూపిస్తాను. పారిన్‌లో కూడా ఇలగ కడతారని ఆయనకి తెలీదేమో.”

థామస్ ముఖం మళ్ళీ ముడుచుకుంది. ధనరాజు భుజం మీద చెయ్యి వేసి లారీ వెనక్కి నడిపించాడు. “సావుకారు గారూ, అన్న రేటే ఖాయం. ఆ నాడా మటుకు నాకు వదిలెయ్యండి. అది కట్టినప్పట్నించి బండికి గీత పడలేదు. రేపు పెద్దలారీ ఘాట్ ఎక్కాలి. ప్రిస్కిల్లాకి సెప్పకండి.”

“పగిలిన లైటో?”

“అది కూడా తగ్గించుకోండి.”

మంచినీళ్ళ గ్లాసు తెచ్చిన ప్రిస్కిల్లా వాకిట్లో ఆపింది. “అన్నయ్యా, ఆ గవ్వలు మా అమ్మమ్మవి. పారెయ్యకండి. నెమ్మదిగా రాముడి సేతికియ్యండి, పెద్దలారీకి కడతాడు. ఆయనకి తెలీకూడదు.”

“అలాగేనమ్మా. మా కాంతం మాత్రం రేటు ఇంకాస్త తగ్గించమని సెప్పి పంపింది...”

“నాను సెప్తాను ఆయనకి. నా మాట కాదనరు.”

ఆ విధంగా నలభై పెళ్ళిళ్ళ బండి ముప్పైనాలుగు పెళ్ళిళ్ళకి దిగింది. ధనరాజు ఇన్నాళ్ళూ తన వస్తువుల్ని అద్దెకిచ్చాడు గానీ, తనది కాని వస్తువుల్ని వాటి సొంతదార్లకే అమ్మడం అదే మొదటిసారి.

వెళ్ళేముందు రెండూ రెండు కాగితాల్లో పొట్లం కట్టి రాముడి చేతిలో పెట్టాడు. రాముడు ఒక పొట్లం ఊపి చూశాడు, రెండోదాన్ని చేత్తో తూచాడు.

“ఏ లారీకి కట్టమన్నారు బాబూ?”

“ఇద్దరూ ఆ పెద్దలారీకే అన్నారు.”

రాముడు తన లారీకేసి జాలిగా చూసి తలూపాడు. “అయితే ఏడాది తిరక్కుండా అది కూడా అమ్మకానికొస్తాది. కబురెడతాను.”

పైకప్పు మళ్ళీ వెయ్యడం ఎలాగో అడుగుతూ నిలబడితే థామస్ మనసు మారుతుందేమోనని, ఎండలో టాపు లేకుండానే బయల్దేరారు. దారిపొడుగునా ఎలీషా కోటుమీది పౌడరు పొగలా ఎగురుతోంది. టీకొట్ల దగ్గర జనం లేచి నిలబడి చూస్తున్నారు. మలుపు తిరిగినా బండి నోరెత్తలేదు.

“సూసినావా,” అన్నాడు ఎలీషా. “హేండ్‌బ్రేకు కావాలనే లాగాను. అంతా నా పథకం.”

“మరి ‘రక్షించరా’ అని ఎందుకరిచినావు?”

“నేరస్థుడిని నమ్మించుటకు.”

ధనరాజు నవ్వి గేరు మార్చాడు. అంత తృప్తిగా ఉన్నప్పుడు ఎవరి అబద్ధమైనా చవగ్గానే కనిపిస్తుంది.

కాంతం సప్లై కంపెనీ ముందు నిలబడి ఉంది. బండి ఆగగానే పలకరించలేదు. కొత్త గుండిగకి సొట్ట ఉందేమో చూసినట్టు చుట్టూ తిరిగింది. తలుపులు తట్టింది. ఇంజను వింది. ధనరాజు గుండె గల్లాపెట్టెలా మూసుకుని కూర్చుంది. ముందు ఏమీ లేదు. పక్కలా ఏమీ లేదు. వెనక్కి వెళ్ళి ఆగింది.

“ఇదేటి?”

వెనక కుడివైపు ఎర్రలైటు గాజు పగిలి ఉంది.

“అది లోపం కాదే! బండిలో లోపమే లేదు. అది ఈ ఎలీషాగాడు...”

“బండికి ఒక్క లోపం ఉన్నా అన్నాను. ఎవరు సేసినారో సూస్తానన్లేదు.” కాంతం అరచెయ్యి చాపింది. “తాళం.”

ధనరాజు ఎలీషాకేసి చూశాడు. ఉత్తరాంధ్ర నేరప్రపంచానికి సింహస్వప్నమైనవాడు జిరాక్సు కొట్టులోకి మెల్లగా జారుకుంటున్నాడు. మాటంటే మాట. తాళం మొలతాడు నుంచి విప్పి ఇచ్చాడు.

ఆషాఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగాక ధనరాజు గుండిగల మధ్య తీరిగ్గా కూర్చుని మనసులో లెక్క చూసుకున్నాడు. కారు తొమ్మిది పెళ్ళిళ్ళకి తిరిగింది. కాంతం గల్లా ముందు కూర్చుందని తెలిశాక అరువు అడిగేవాళ్ళు బజారు అవతలినుంచే నడిచిపోతున్నారు. ఆ మిగులు మీద పక్కగదికి ఆమె బయానా కూడా ఇచ్చేసింది. జనం తనని ఇప్పటికీ సావుకారు గారనే పిలుస్తున్నారు, కాంతాన్ని అడిగొచ్చాక. ఆ కుర్చీతోపాటు పద్దెనిమిదేళ్ళ నడుంనొప్పి కూడా పోయింది. ఎలీషాని జమలో రాయాలా ఖర్చులో రాయాలా ఎంతకీ తేలక, కొత్త కార్డులు అచ్చువేయించి ఇచ్చి మధ్యగీత మీద వదిలేశాడు.

మిగిలింది ఒక్క పద్దు. ఆఖరి ముహూర్తానికి శ్రీముఖలింగం దాకా కాంతాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎర్రకారులో వెళ్తుంటే, నదిపక్క మలుపులో వెనకనుంచి సన్నగా ‘టిక్’మంది. ధనరాజు బండి ఆపి కాంతంకేసి చూశాడు. ఆమె, ‘టంగ్’ విన్న థామస్ అంత నిశ్చింతగా, వంశధారకేసి చూస్తోంది.

“ఏటీ కాదు, పోనీ,” అంది.

పోనిచ్చాడు. జమ: కారు ఒకటి, చప్పుడు ఒకటి. రెండోదానికి జాకీ పెట్టి చూడడం లేదు.